పాటల పుస్తకంలో బొటనవేలికి జాగా

ఇంకా పుట్టని పుస్తకం ఎన్ని షీట్ల కాగితం తింటుందో ముందే చెప్పడం నా ఉద్యోగం. నల్లగొండలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ముప్పై మూడేళ్లు ఆ పనే చేసి, యాభై ఎనిమిది నిండగానే బయటికి వచ్చాను. కాగితం మీద నా హోదా ఎస్టిమేటరు. ప్రెస్సులో మాత్రం అందరికీ లెక్కల మల్లేశాన్నే.

నేను చదివింది పదో తరగతి. లెక్కలు బడిలో నేర్చుకున్నవి కావు. మాది చిట్యాల దగ్గర గొర్లు కాసే కుటుంబం. మా బాపుకు అంకెలు రాయడం రాదు. సాయంత్రం దొడ్డి తడిక కాస్త తెరిచి గొర్లను రెండేసి చొప్పున లోపలికి వదిలేవాడు. ఇరవై కాగానే ఒక గులకరాయి జేబులో వేసుకునేవాడు. ఒక్కటి తక్కువైతే, ఏ గొర్రె రాలేదో కూడా చెప్పేవాడు.

"ఎన్నున్నయో తెలుసుడు లెక్క గాదు బిడ్డా, ఏది లేదో తెలుసుడు లెక్క" అనేవాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతాల సంగతి రాయను. రూపాయల లెక్క కూడా రాయను, ఎందుకంటే రేట్లు ఏడాదికే పాతబడతాయి. షీట్ల లెక్క పాతబడదు.

తడి కాగితం

మొదట నా తప్పు చెప్పాలి. తర్వాతి కథంతా దానిలోంచే వచ్చింది.

చేరిన మూడో ఏడు. మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి గేటు రిజిస్టర్లు వేయాలి. గోదాములో కట్టలు విప్పి ఉన్న కాగితం ఎంతుందో లెక్కపెట్టమన్నారు. ఒక్కో షీటు లెక్కపెట్టడం ఎందుకని, వంద షీట్లు తూచి, మొత్తం తూచి, భాగించి చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. వంద షీట్లు తూచింది ఆఫీసు గదిలో, ఫ్యాను కింద ఉన్న కట్టలోంచి. మొత్తం తూచింది వాన కురుస్తున్న రోజు, గోడకు చెమ్మ దిగిన గోదాములో. కాగితం నీళ్లు తాగుతుంది. నేను తూచింది సగం కాగితాన్ని, సగం వాననూ. పని మధ్యలో షీట్లు అయిపోయి మెషిన్ రెండు రోజులు ఆగింది.

అప్పుడు నా పైన ఎస్టిమేట్లు రాసే పెద్దాయన ఖాదర్ సాబ్. తిట్టలేదు. చాయ్ తెప్పించి కూర్చోబెట్టాడు.

"చూడు బేటా, కాగితం తక్కువైతే సేటు నీ గల్లా పట్టుకుంటడు. మిగిలితే ఎవడన్న అడిగిండా ఇప్పటిదాంక?"

"లేదు సాబ్."

"మరి గంతే. నూటికి అయిదు కలుపు, ఫికర్ లేకుండ పండుకో."

కలిపాను. ఇరవై ఏళ్లకు పైగా కలుపుతూనే ఉన్నాను. చాలా బాగా నిద్రపట్టింది.

కొత్తకోట నుంచి వచ్చిన తెల్ల పుస్తకం

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది మా ప్రెస్సుకు ఊపిరాడలేదు. ప్రతి ఆఫీసుకూ కొత్త జిల్లా పేరుతో లెటర్‌హెడ్లు, రిజిస్టర్లు, కవర్లు కావాలి. ఆ హడావిడి తగ్గాక ఒక్కసారిగా చల్లబడ్డాం. రిజిస్టర్లు కంప్యూటర్లలోకి వెళ్లాయి. పుస్తకాలు గమ్ బైండింగ్‌లోకి వెళ్లాయి. కుట్టు పని చేసే మా బైండింగ్ హాల్లో తొమ్మిది మంది ఆడవాళ్లు ఉండేవాళ్లు. వారంలో మూడు రోజులు వాళ్లకు పని ఉండేది కాదు.

వాళ్లందరికీ పెద్ద మరియమ్మ. నాకంటే మూడేళ్లు పెద్దది, నేను అక్కా అని పిలిచేవాణ్ని. వాళ్ల అమ్మానాన్నలు కూలికి పోయి బతికినవాళ్లు. ఈమె పదహారో ఏట సూది పట్టి, ఆ సూదితోనే ఇద్దరు పిల్లలను డిగ్రీ దాకా చదివించింది.

హాలును నిలబెట్టే పని ఒక్కటే మిగిలింది. అది పాటల పుస్తకం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లోని చర్చిల కోసం మూడు నాలుగేళ్లకొకసారి అయిదు వేల ప్రతులు వేసేవాళ్లం. నాలుగు వందల ఎనభై పేజీలు, దారంతో కుట్టు, గుడ్డ అట్ట. రోజూ చెమట చేతుల్లో నలిగే పుస్తకం, గమ్ బైండింగ్ ఆగదు. అది వచ్చిందంటే హాలుకు నాలుగు నెలల పని.

ఆ పుస్తకం బాధ్యత చూసేది దానియేలు సారు. రిటైరైన హెడ్మాస్టరు. ఊరు కొత్తకోట. ఆ ఏడు కూడా రెండు బస్సులు మారి వచ్చాడు. కాని ఈసారి సంచిలోంచి ఇంకో పుస్తకం తీసి మా ప్రెస్సు ఓనరు సేటు బల్ల మీద పెట్టాడు. తెరిస్తే అన్నీ తెల్ల కాగితాలే. అచ్చు వేయకముందు పుస్తకం ఎలా ఉంటుందో చూపడానికి చేసే డమ్మీ.

"హైదరాబాద్‌ల ఒక ఏజెంటు ఉన్నడు. చైనాల అచ్చేయించి, ఓడల తెప్పించి, కొత్తకోటల దించుతడట" అన్నాడు సారు. "ఆ రేటు చూస్తే నాకే నమ్మబుద్ధి కాలే. మీతోటి ఇన్నేండ్ల సంబంధం. చెప్పకుండ ఇచ్చుడు మంచిగుండదని వచ్చిన."

సేటు ఆ రేటు కాగితం చూసి నా వైపు తోశాడు. మేము ఇచ్చే రేటు కంటే దాదాపు మూడో వంతు తక్కువ.

"గదే సైజా, గదే కాగితమా సారూ?" అని అడిగాడు సేటు.

"గదే అన్నడు."

సారు ఒక వారం గడువు ఇచ్చి, డమ్మీ మా దగ్గరే వదిలి వెళ్లాడు. సేటు మంచివాడే, కాని చుట్టూ తిప్పి మాట్లాడడు.

"మల్లేశం, ఈ పని పోతే హాలు కిరాయికిస్త. బట్టల షాపోడు రెండుసార్లు అడిగి పోయిండు. గా చైనోడు ఎట్ల చేస్తున్నడో వారంల నాకు చెప్పు."

కంసాలి త్రాసు

నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు, ఆసక్తి పుట్టింది. ఎవరో సముద్రం అవతల కూర్చుని నా కంటే మంచి లెక్క వేశారు. అదేమిటో చూడాలనిపించింది.

మొదటి అనుమానం, కుట్టులో మోసం. డమ్మీని హాల్లోకి తీసుకెళ్లి మరియమ్మ చేతికిచ్చాను. ఆమె వెన్ను వంచి చూసింది, మధ్యలో తెరిచి దారం లాగి చూసింది. మిగతావాళ్లంతా సూదులు ఆపి ఆమె ముఖం చూస్తున్నారు.

"ఎట్లుందక్కా?"

"అబద్ధం చెప్పాల్నా, నిజం చెప్పాల్నా?"

"నిజం."

"మన కుట్టు కన్న మంచిగుంది. మిషన్ కుట్టు. గీంత గూడ వదులు లేదు."

పక్కనున్న ఆమె "నోట్ల సూది పెట్టుకో అక్కా, సేటు వింటడు" అంది. అందరూ నవ్వారు. అయినా ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది.

ఆమె దగ్గరే డమ్మీ దారం కోయించి, మడిచి కుట్టిన కట్టలను, అంటే ఫారాలను, విడదీసి ఆకులు లెక్కపెట్టాను. రెండు వందల నలభై ఆకులు, నాలుగు వందల ఎనభై పేజీలు. ఎక్కడా తగ్గించలేదు.

మిగిలింది కాగితం. పల్చటి కాగితం వాడి ఉంటారనుకున్నాను. ఈసారి వాన నాటి తప్పు చేయదలచుకోలేదు. డమ్మీలోంచి ఒక ఆకు, మా పాత పుస్తకంలోంచి ఒక ఆకు తీసి, రెండింటినీ రెండు రోజులు ఒకే అల్మారాలో ఉంచాను. మూడో రోజు బజారులో నాకు తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లాను. ఒక్క ఆకును తూచే త్రాసు ఊళ్లో అతని దగ్గరే ఉంటుంది.

తూచాడు. మా ఆకు కాస్త బరువు. నేను అనుకున్నదే నిజమైందని సంతోషించబోతుంటే, కంసాలి రెండు ఆకులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు.

"బరువు సంగతి తర్వాత అన్నా, నీది పొడుగుంది గదా. గిట్ల తూస్తే నేను బంగారం దుకాణం నడుపుతనా?"

అతని కత్తెరతోనే మా ఆకును వాళ్ల ఆకు కొలతకు కత్తిరించాం. మళ్లీ తూస్తే ముల్లు ఒకే చోట నిలబడింది. కాగితం ఒకటే.

కత్తిరించిన ముక్క బల్ల మీద పడింది. చిటికెన వేలి గోరంత వెడల్పు, సరిగ్గా ఒక సెంటీమీటరు. నేను కాగితం బరువు సంగతి మరిచిపోయి ఆ ముక్కనే చూస్తూ కూర్చున్నాను.

టేపు నా జేబులోనే ఉంది. డమ్మీ వచ్చిన రోజే కొలవాల్సింది. కొలవలేదు, ఎందుకంటే ఆ పుస్తకం కొలత నాకు కంఠతా వచ్చు. మందపాటి అట్ట చాటున ఆ సెంటీమీటరు కనిపించలేదు కూడా. దానియేలు సారుకు ఫోన్ చేశాను.

"అవునవును" అన్నాడు సారు. "పుస్తకం జరంత పొట్టి చేయొచ్చా అని అడిగిండు ఏజెంటు. నేను సరే అన్న. గంత చిన్న ముచ్చట మీకేం చెప్పాలె అని చెప్పలే."

దుకాణంలోనే ఒక బిల్లు కాగితం వెనక షీటు బొమ్మ గీశాను. మేము వాడే షీటు ఇరవై మూడు అంగుళాల వెడల్పు, ముప్పై ఆరు పొడవు. మా పుస్తకం ఎత్తుకు, అంచులు కోయడానికి ఉంచే జాగాతో కలిపి, ఆరు అంగుళాలు కావాలి. అంటే షీటులో మూడు వరుసలు పడతాయి. వరుసకు ఎనిమిది ఆకులు, మొత్తం ఇరవై నాలుగు. పక్కన అయిదు అంగుళాల పట్టీ మిగిలిపోతుంది. ఎత్తు ఒక్క సెంటీమీటరు తగ్గించి చూడండి. నాలుగో వరుస కూడా పడుతుంది. ముప్పై రెండు ఆకులు. పుస్తకానికి పది షీట్లు అయ్యేచోట ఏడున్నర సరిపోతాయి. మొత్తం పనికి, రీముకు అయిదు వందల షీట్ల చొప్పున, వంద రీముల బదులు డెబ్బై అయిదు.

తక్కువ కూలీ అని, ప్రభుత్వం సాయం అని, పెద్ద మిషన్లు అని మనం చాలా కారణాలు చెప్పుకుంటాం. అవీ నిజమే కావచ్చు, నా దగ్గర వాటి లెక్క లేదు. నేను చూసిన లెక్కలో పెద్ద వాటా ఒక ప్రశ్నది. జరంత పొట్టి చేయొచ్చా అని వాళ్లు అడిగారు. ఇరవై ఏళ్లలో అయిదుసార్లు ఆ పుస్తకానికి ఎస్టిమేటు రాసిన నేను ఒక్కసారీ అడగలేదు. ఇచ్చిన కొలత తీసుకుని కొలిచాను. అంతే.

అవ్వ వేలు

ఈ సంగతి హాల్లో చెబితే అందరి ముఖాలూ విప్పారాయి. మనమూ పొట్టి చేద్దాం, అయిపోతుంది కదా అన్నారు. మరియమ్మ మాత్రం సూది పక్కన పెట్టి నా వైపు చూసింది.

"ఏందక్కా?"

"పొట్టి చేస్తే పాటలు కిందికి జరుగుతయి గదా."

"జరిగితే జరగనీ. నంబర్లు ఉంటయి."

"నంబర్లు నీకు, నాకు. మా అత్తకు చదువు రాదు. ఆమె పాట ఏడుందో జాగా పట్టి తీస్తది."

నాకు అర్థం కాలేదు. చదువు రాని మనిషి పాటల పుస్తకం ఎలా తెరుస్తుంది? ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లాను. చిట్యాలకు ఆటో దూరంలో రేకుల కప్పున్న చిన్న చర్చి. చెప్పులు బయట విడిచి, వెనక చాప మీద కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక మరియమ్మ నన్ను వాళ్ల అత్త దగ్గరికి తీసుకెళ్లింది. ఎనభై దాటిన మనిషి, చేతిలో మా ప్రెస్సులోనే అచ్చయిన పుస్తకం. దాని అట్ట రంగేమిటో ఇప్పుడు చెప్పలేం.

"అవ్వా, నీకు చదువు రాదంట గదా. పాట ఎట్ల దొరుకుతది?"

"నీకు మీ ఇల్లు ఎట్ల దొరుకుతది కొడుకా, పేరు చదువుకుంట పోతవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను ఊరుకోలేక పరీక్ష పెట్టాను. మరియమ్మ ఒక్కో పాట మొదటి ముక్క పాడడం, అవ్వ పుస్తకం తెరవడం. ముందు మందం చూసి తెరిచేది, తర్వాత ఒకటి రెండు ఆకులు తిప్పేది. ఎడమ పేజీ కింద, పాటకూ పాటకూ మధ్య వేసే రెండు చుక్కల తర్వాత అని వేలు పెట్టేది. పన్నెండు పాటల్లో పదకొండు దొరికాయి. పన్నెండోది ఆకులు ఊడిపోయిన చోట ఉంది, అది అవ్వ తప్పు కాదు. అలాంటివాళ్లు ఆ చర్చిలోనే ఏడుగురు ఉన్నారు.

అప్పుడే ఇంకో సంగతి చూశాను. ప్రతి పేజీ కింద ఖాళీ అంచు మీద మధ్యలో ఒక గోధుమరంగు మరక. మా ఎస్టిమేట్ల భాషలో అది ఖాళీ, మార్జిను, కోస్తే పోయే జాగా. అవ్వ పుస్తకం పట్టుకుని పాడుతుంటే చూశాను. ఆమె బొటనవేలు సరిగ్గా అక్కడ ఉంది. కిందనుంచి ఆ సెంటీమీటరు కోస్తే వేలు చివరి వరుస మీదికి వస్తుంది.

మరి పైన? పైన ఒక గీత, దాని మీద ప్రతి పేజీలోనూ పుస్తకం పేరు. నాలుగు వందల ఎనభైసార్లు అదే పేరు.

"గీ పైన రాసింది ఎవరన్న చదువుతరా?" అని అందరినీ అడిగాను.

చదువు వచ్చినవాళ్లు, రానివాళ్లు, అందరూ పుస్తకాలు ఎత్తి, మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"గిదేంది, గీడ గిట్ల రాసుందా?" అంది మరియమ్మ. ముప్పై ఏళ్లుగా ఆ పేజీలు కుట్టిన మనిషి.

టేపు తీసి కొలిచాను. పేరు, గీత, వాటి కింద ఖాళీ కలిపితే ఒక సెంటీమీటరు, ఒక మిల్లీమీటరు ఎక్కువే. అది తీసేస్తే పుస్తకం పొట్టిదవుతుంది. ఏ పాటా కదలదు. వేలు ఉన్నచోటే ఉంటుంది.

దాచుకున్న షీట్లు

కాగితం సమస్య తీరినా మా రేటు ఇంకా ఎక్కువే ఉంది. ఎక్కడో తేలడం లేదు. అచ్చు మెషిన్ నడిపే సత్తయ్యను, కటింగ్ చేసే ఆయన్ను, మరియమ్మను కూర్చోబెట్టి అడిగాను.

"నిజంగ చెప్పుండ్రి. పాడైతయని ఎన్ని షీట్లు ఎక్కువ అడుగుతరు?"

నేనే మొదలుపెట్టాను. నూటికి అయిదు నేను కలుపుతున్నానని, ఖాదర్ సాబ్ చెప్పిన నాటి నుంచీ కలుపుతున్నానని ఒప్పుకున్నాను. సత్తయ్య తల గోక్కున్నాడు.

"నేను అయిదు అడుగుత. మూడు చాలు."

కటింగ్ ఆయన రెండు అన్నాడు. మరియమ్మ మూడు అంది. ఒకరు కలుపుతున్నట్టు ఇంకొకరికి తెలియదు. ఒకరి మీద ఒకరం కలుపుకుంటూ పోతే నూటికి పదిహేను దాటింది. నిజంగా పాడయ్యేవి ఆరుకు మించవు. మేమంతా ఒకే గోదాములో నలుగురు దొంగల్లా కాగితం దాచుకున్నాం, ఎవరూ ఇంటికి తీసుకుపోకుండానే.

మరియమ్మ అంతలో నా బిల్లు కాగితం మీది బొమ్మ చేతిలోకి తీసుకుంది. పక్కన మిగిలే పట్టీ మీద వేలు పెట్టింది.

"గిది ఇగ మిగలదా?"

అప్పుడు గుర్తొచ్చింది. పాటల పుస్తకం అచ్చు వేసినప్పుడల్లా మిగిలే ఆ అయిదు అంగుళాల పట్టీల్లో ఎక్కువ భాగం తూకానికి పోయేది. కొన్ని మాత్రం హాలు అటక మీదికి చేరేవి. ప్రతి జూన్‌లో బడులు తెరిచే ముందు ఆ తొమ్మిది మంది కూర్చుని వాటిని చిన్న చిన్న రఫ్ పుస్తకాలుగా కుట్టేవాళ్లు. ప్రెస్సులో ఎవరి ఇంట్లో పిల్లలున్నా ఒక్కొక్కరికి నాలుగు. మిగతా పనుల్లో మిగిలేవి రెండు వేళ్ల వెడల్పు ముక్కలు, వాటి మీద పేరు రాయడానికి కూడా జాగా ఉండదు. నేను ఎస్టిమేటులో ఏ పట్టీని వేస్టేజీ అని రాశానో, మా పిల్లలు దాని మీదే కూడికలు నేర్చుకున్నారు.

"మిగలదక్కా" అన్నాను.

ఆమె కాగితం తిరిగి నా ముందు పెట్టింది.

"పుస్తకాలంటే బజార్ల కొనుక్కుంటం. మేం కూసునే జాగా బజార్ల దొరకదు గదా. రాయి."

రాశాను.

ముందు చెప్పాలా, తర్వాతా

కొత్త లెక్క చూసి సేటు నమ్మలేదు, రెండోసారి వేయించాడు. అయినా చైనా రేటే ఇంకా కొద్దిగా తక్కువ. సేటుకు పైన పేరు తీసేసే ఆలోచన బాగా నచ్చింది. నచ్చడంతోనే ఒక మాట అన్నాడు.

"గిది సారుకు ఇప్పుడే చెప్పకు. ముందుగాల ఆర్డరు రాయించుకో. చెప్తే ఏజెంటు దగ్గరికి పోయి గట్లనే చేయమంటడు."

ఆయన అన్నది తప్పు కాదు. మా చేతిలో ఉన్నది అదొక్కటే. దానియేలు సారు వచ్చిన రోజు ఆ మాట గొంతులోనే ఉంచుకుని పది నిమిషాలు మాట్లాడాను. పొద్దున కొత్తకోటలో బస్సెక్కిన మనిషి, మధ్యాహ్నానికి వచ్చి, చాయ్ చేతిలో పెట్టుకుని, "ఎవరిది తక్కువ పడుతది మల్లేశం?" అని నన్నే అడిగాడు.

"వాళ్లదే సారూ. కొద్దిగ."

సేటు నన్ను చూశాడు. ఒకటి చెప్పాక రెండోది దాచడం నాకు చేతకాలేదు. విడదీసిన ఫారాలను మళ్లీ అట్టలో పేర్చిన తెల్ల డమ్మీ ఆయన చేతిలో పెట్టి, పాడేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకోమన్నాను. ఆయన బొటనవేలు కింద అంచు మీద పడింది. ఇక్కడ చివరి వరుస ఉంటుంది అని పెన్సిలుతో గీత గీశాను. గీత వేలి కిందికి పోయింది. తర్వాత అవ్వ సంగతి, పన్నెండు పాటల సంగతి, పైన పేరు సంగతి మొత్తం చెప్పాను. "ఇది వాళ్లకు చెప్తే వాళ్లు గూడ చేస్తరు సారూ. చేయలేని పని గాదు" అని కూడా అన్నాను.

సేటు కుర్చీ వెనక్కి జరిపి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

దానియేలు సారు చాలాసేపు డమ్మీ తిరగేశాడు. తెల్ల పేజీల్లో చదవడానికి ఏముంటుంది. ముప్పై ఏళ్లు పిల్లల నోటుబుక్కులు దిద్దిన అలవాటేమో, ఒక్కో పేజీ తిప్పాడు.

"పైన పేరు తీసి కొత్తగ కూర్చిన పేజీలల్ల ఏ పాటా జరగలేదని ఎవరు చూడాలె? నేను చూస్తే నంబరు చూస్త. నాకు దొరుకుతది. నా ప్రూఫ్ పనికి రాదు" అన్నాడు.

"అవ్వ చూడాలె సారూ."

"మావైపు గూడ గసుంటి అవ్వలున్నరు, కొత్తకోటల నలుగురు." నవ్వాడు. "నలుగురు అవ్వలను ఓడ ఎక్కించి చైనాకు తోలాల్నా మల్లేశం? చదువు రానోళ్లు ప్రూఫ్ చూసే ప్రెస్సు మీదొక్కటే ఉన్నట్టుంది. ఈడనే వెయ్యండి."

అలాగే జరిగింది. కొత్త పేజీలతో నమూనా ప్రతి ఒకటి అచ్చు తీసి, నేను కొత్తకోటకూ, చిట్యాల పక్క ఊరికీ తీసుకెళ్లాను. చదువు రాని అయిదుగురు అవ్వలు తెరిచి చూశారు. మూడు చోట్ల పాట ఒక పేజీ అటూ ఇటూ అయిందని పట్టుకున్నారు. అచ్చుతప్పులు చూసే మా ఇద్దరు ప్రూఫ్ రీడర్లకు ఆ మూడూ దొరకలేదు.

ఇక్కడ పని, అక్కడ పని

ఈ కథ విని, చూశావా, పని మన దగ్గరే చేయించాలి అని కొందరు నాతో అంటారు. నేను అలా అనను. తర్వాతి ఏడాది హైదరాబాద్ నుంచి ఒక ప్రచురణకర్త పసిపిల్లల పుస్తకం తెచ్చాడు. అట్టల్లాంటి మందపాటి పేజీలు, గుండ్రటి మూలలు, మధ్యలో వేలు దూరే రంధ్రాలు. మా దగ్గర ఆ మిషన్ లేదు. చేత్తో చేస్తే మూల పదును మిగిలి పసివాళ్లకు గుచ్చుకుంటుంది. బయటి దేశంలోనే వేయించుకోండని చెప్పి పంపాను. సేటు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పుస్తకం అచ్చయి వచ్చాక నాకొక ప్రతి పంపారు. మూలలు నున్నగా ఉన్నాయి. నేను చెప్పింది సరైనదే.

మన పరిశ్రమను ఆదుకోండని అడగడానికి ముందు, మనం అడగని ప్రశ్న ఏమిటో వెతకాలని మాత్రం చెబుతాను. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకం పట్టుకున్న చేతి దగ్గర ఉంటుంది. ఆ చెయ్యి మనకు ఆటో దూరంలో ఉంది. దూరంలో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. వీలుండీ మనం పోకపోతే వాళ్లది గెలుపు అనడానికి లేదు, మనది బద్ధకం.

హాలు కిరాయికి పోలేదు. నేను దిగిపోయేనాటికి అందులో ఏడుగురు ఉన్నారు. ఇద్దరు వయసు మీదపడి మానేశారు, వాళ్ల చోట కొత్తవాళ్లను తీసుకోలేదు. పాటల పుస్తకం ఇంకొకసారి వచ్చింది. మళ్లీ వస్తుందో రాదో ఎస్టిమేటు వేయలేను.

పుస్తకాలు పంపేసిన ఆ జూన్‌లో హాలు అటక ఖాళీగా ఉంది. బడులు తెరిచిన వారానికి మరియమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. నేను దారం కోయించిన తెల్ల డమ్మీని ఆమె ఎప్పుడో తీసి పెట్టుకుని, ఫారాలన్నీ వరుసగా పేర్చి, మళ్లీ కుట్టిందట. చైనా కాగితం, చైనా అట్ట, మరియమ్మ కుట్టు. ఆ ఏడు మా హాల్లో తయారైన రఫ్ పుస్తకం అదొక్కటే. అయిదో తరగతిలోకి వచ్చిన మనవరాలికిచ్చింది.

"నీతోటి పరేషానైతాంది తమ్మీ" అంది.

"నేనేం చేసిన అక్కా?"

"గా పిల్ల ఆకులన్ని లెక్కపెట్టింది. రెండు వందల ముప్పై తొమ్మిదే ఉన్నయంట, ఒక్క ఆకుకు జోడు లేదంట. ఇంకో ఆకు ఏడ పోయిందని పొద్దుందాంక ప్రాణం తీస్తాంది."

కంసాలి దగ్గర తూచిన ఆకు నా సొరుగులోనే ఉంది. తీసి ఇచ్చాను. లేని ఆకును పట్టిన ఆ పిల్ల పేరు అడిగి రాసుకున్నాను.